రాగి ఫ్లేక్స్ గురించి నేను చెప్పిన సాక్ష్యం

తొలకరినీ కడవరి వాననూ వాటి వేళకు పంపే దేవునికి స్తోత్రం. కంటికి ఆనని చోడి గింజలో కూడా మనిషికి ఒక పూట బలం దాచిన తండ్రికి స్తోత్రం. ముప్ఫై ఏళ్లకు పైగా నా చేతులకు పని చూపించి, నా నోరు చేసిన తప్పును నా చేతనే సరిదిద్దించిన ఆయన కృపకు మరింత స్తోత్రం.

నేను పలాస శివార్లలో ఒక ఫ్లేక్స్ ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా చేరి, ఉత్పత్తి మొత్తం చూసే మనిషిగా రిటైరయ్యాను. మాది హరిశ్చంద్రపురం దగ్గర పల్లె. నాన్నగారు సంఘంలో ఉపదేశి. పొద్దున్న పాసింజరు బండిలో పలాస వెళ్లడం, సాయంత్రం దానిలోనే రావడం, దారిలో వాక్యం చదువుకోవడం. ఇదే నా జీవితం. ఇప్పుడు మన ప్రాంతం పిల్లలు ఫుడ్ టెక్నాలజీ చదివి ఇలాంటి ఫ్యాక్టరీల్లో చేరుతున్నారు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు ఈ పని ఎలా ఉంటుందని నన్ను అడిగారు. యంత్రం గురించి వాళ్లకు నాకంటే ఎక్కువే తెలుసు. అందుకని యంత్రం గురించి కొంచెమే రాసి, మిగిలినది ఎక్కువ రాస్తాను.

గింజ, రోలరు, ఉప్పుగాలి

మా ఫ్యాక్టరీ పుట్టింది అటుకుల మిల్లుగా. వడ్లు నానబెట్టి, వేయించి, రోలరు కింద నలిపితే అటుకులు. మొక్కజొన్న పలుకులను ఉప్పు, పంచదార, మాల్టు వేసిన నీళ్లలో ఆవిరి మీద ఉడికించి, ఆరబెట్టి, అదే పద్ధతిలో నలిపి, ఎర్రగా కాల్చితే కార్న్‌ఫ్లేక్స్. మా యజమాని నరసింగరావు గారు అటుకుల వ్యాపారంలో ఉన్నవారు కాబట్టి ఈ రెండింటి పోలికను అందరికంటే ముందు కనిపెట్టారు. కొత్త రోలర్లు బిగించడానికి విశాఖ నుంచి వచ్చిన ఇంజనీరు భోజనాల దగ్గర ఒక కథ చెప్పాడు. పరాయి దేశంలో భక్తులు కొందరు నడిపే ఆసుపత్రిలో, రోగుల కోసం ఉడికించిన గోధుమ ముద్ద ఒకసారి అలాగే మిగిలిపోయి గట్టిపడిందట. పారేయడానికి చేతులు రాక రోలరులో పెడితే రేకులు రేకులుగా వచ్చిందట. అలా మొదలైన తిండే తరవాత దేశదేశాలకు వ్యాపారమైందట. ఆ కథ నా మనసుకు బాగా పట్టింది. రోగుల కోసం, విశ్వాసుల చేతుల్లో పుట్టిన తిండిని నేను తయారు చేస్తున్నానని లోలోపల అతిశయపడ్డాను. ఆ అతిశయం ఎక్కడికి తీసుకుపోయిందో ముందు ముందు చెబుతాను.

నాకు పని నేర్పింది మాత్రం రోలరు మేస్త్రి అప్పలస్వామి. చదువు లేదు. ఉడికి ఆరిన పలుకును ముందు పళ్ల మధ్య కొరికి చూసి, "ఇంకా లోపల తడి, బయట పొడి. ఊరనియ్యి బాబూ" అనేవాడు. పలుకు ఆరాక మూత వేసి కొన్ని గంటలు కదపకుండా ఉంచాలి. లోపలి తడి బయటికి వచ్చి అంతటా సమానమవుతుంది. చేరిన కొత్తలో ఒకరోజు లారీ వాకిట్లో నిలబడి ఉంది. మీటరు చూశాను, అంకె సరిగానే ఉంది. ఊరనివ్వకుండా రోలరులోకి వదలమన్నాను.

"మీటరు పైన చూసింది బాబూ, లోపల నాను చూసినాను," అన్నాడు అప్పలస్వామి.

"నా మాట మీద వదిలెయ్. బాధ్యత నాది," అన్నాను.

రేకులు రాలేదు. పొడి వచ్చింది. ఆ రోజు సరుకంతా కోళ్ల దాణాకు పోయింది. అప్పలస్వామి మర్నాడు టీ తాగుతూ, "కోళ్లు మీ పేరు సెప్పుకుని తింతన్నాయంట బాబూ," అన్నాడు. మిల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంకొక మాట. మనది సముద్రపు గాలి. పొద్దున్న కరకరలాడిన రేకు సంచి మూతి పది నిమిషాలు తెరిచి ఉంటే చర్మంలా సాగుతుంది. పొడి ప్రాంతాల్లో రాసిన పుస్తకాల్లో ఈ సంగతి ఉండదు. భావనపాడులో చేపలు ఎండబెట్టేవాళ్లకు తెలుసు. గాలి తిరిగితే వాళ్లు చేపలు ఎత్తేస్తారు. మేము కూడా గాలి చూసి ప్యాకింగ్ ఆపడం నేర్చుకున్నాం.

నరసింగరావు గారి గురించి

మంచివాడు. ఆయన చెడ్డవాడని రాస్తే అబద్ధమవుతుంది. కూలీల ఇంట్లో జబ్బు అంటే కారు పంపేవారు. ఆదివారం నన్ను పనికి ఎప్పుడూ పిలవలేదు. "ఆదివారం మీ దేవుడికి, సోమవారం నుంచి నాకు. పంపకాలు అయిపోనాయి పెకాశం," అనేవారు. ప్రకాశం అన్న నా పేరు ఆయన నోట పెకాశమే. కానీ అమ్మకం మాట వచ్చేసరికి వేరే మనిషి. పెట్టెలో రేకులు లారీ కుదుపుకి కిందికి దిగి పైన ఖాళీ కనబడితే, కొన్నవాళ్లు మోసమని తిట్టేవారు. పెట్టె చిన్నది చేద్దామని నేనన్నాను. "పెట్టె పొడుగుంటేనే అలమర్లో కనబడతాది. తూకం రాసినాం గదా, సదువుకోమను," అనేవారు. చట్టప్రకారం ఆయన మాట తప్పు కాదు.

చాలా ఏళ్లు మేము నగరంలోని ఒక పెద్ద కంపెనీకి వాళ్ల పేరు మీద ఫ్లేక్స్ తయారు చేసి పంపాం. వాళ్లు సొంత ప్లాంటు పెట్టుకున్న రోజున మా రోలర్లు ఆగిపోయాయి. ప్యాకింగ్ బల్లల దగ్గర పనిచేసే ఆడవాళ్లు రోజూ గేటు దాకా వచ్చి, పని ఉందా అని అడిగి వెళ్లేవారు. ఆ రోజుల్లో నేను ఉపవాసముండి ప్రార్థించాను.

అప్పుడు నరసింగరావు గారికి ఆలోచన వచ్చింది. మన చోళ్లు, అంటే రాగులు, ఉన్నాయి. పలాసలో జీడిపప్పు ముక్కలు ఉన్నాయి. చోడి పిండిని ముద్దగా ఉడికించి, పలుకులు తీసి, రేకులు చేసి, వాటిలో జీడిపప్పు, ఎండుద్రాక్ష, బెల్లం పాకం కలిపితే? చేసి చూశాం. దేవుని దయవల్ల చాలా బాగా వచ్చింది. పెట్టె మీద రాగి ఫ్లేక్స్ అని వేయించాం.

"ఉద్దానంలో ప్రతి ఇంటికీ కిడ్నీ భయం పట్టుకున్నాది," అన్నారు నరసింగరావు గారు. "ఆరోగ్యం తిండి అంటే ఎగబడి కొంతారు. పెట్టె మీద మాత్రం కిడ్నీ అన్న ముక్క రాయకు. కేసెడతారు. నోటితో సెప్పుకుంటే సాలు."

రాయకూడని మాటను నోటితో ఎలా చెప్పవచ్చు అన్న ప్రశ్న నాకు తట్టనే లేదు. నూనె లేదు, రంగు లేదు, మన గింజ. ఇందులో చెడు ఎక్కడ ఉంటుందనుకున్నాను.

ఉమ్మడి కూడికలో

మా సంఘాలన్నీ నెలాఖరు ఆదివారం ఒకచోట కూడతాయి. టెక్కలి నుంచి సుమ్మాదేవి దాకా పల్లెల వాళ్లు వస్తారు. పాటల తరవాత సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి చెప్పవచ్చు. ఆ చోట చెప్పిన మాటను ఎవరూ అనుమానించరు. అది దేవుని ఎదుట చెప్పిన మాట.

నేను లేచాను. మూతపడబోయిన ఫ్యాక్టరీకి దేవుడు తలుపు తెరిచాడని చెప్పాను. అది నిజం. అక్కడితో కూర్చుని ఉంటే బాగుండేది. కూర్చోలేదు. భక్తుల ఆసుపత్రిలో రోగుల కోసం ఈ తిండి పుట్టిన కథ చెప్పాను. మన గింజతో మేము తయారు చేసినదాన్ని పొగిడాను. "కిడ్నీ జబ్బుతో ఉన్న మన సహోదరులు కూడా నిశ్చింతగా తినవచ్చు," అన్నాను. ఆమేన్ అన్నారు అందరూ.

బయటికి వచ్చాక ఏసుదాసు పట్టుకున్నాడు. కొబ్బరితోట ఉన్న చిన్న రైతు, నాకంటే పదేళ్లు చిన్న. వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు.

"అన్నియ్యా, నాను కూడా తినొచ్చేటి?"

"దేవుడిచ్చిన గింజ తమ్ముడూ. తిను," అన్నాను. రెండు పెట్టెలు నా సంచిలోవి ఇచ్చాను. తరవాత ఫ్యాక్టరీ నుంచి ఇంకా పంపాను.

ఏసుదాసు మాట వినే మనిషి. డయాలసిస్ దగ్గర సిస్టర్ కొబ్బరి నీళ్లు వద్దంటే, సొంత తోటలో బోండాం ముట్టుకోవడం మానేశాడు. అరటిపండు మానేశాడు. నీళ్లు కొలిచి తాగేవాడు. అలాంటివాడు నా మాట కూడా అంతే శ్రద్ధగా విన్నాడు. పొద్దున్న కంచం నిండా, రాత్రి కంచం నిండా తిన్నాడు. మధ్యలో జీడిపప్పు, ద్రాక్ష ఏరుకుని నమిలాడు.

మూడో వారంలో ఒక సోమవారం ఉదయం అతని భార్య సుగుణమ్మ ఫోను చేసింది. "బావగారూ, ఈయన కాళ్లు కూలబడిపోనాయి. గుండె ఎలగో కొట్టుకుంతందంట. పలాస తీసుకొత్తన్నాం, మీరు బేగి రండి."

నేను ఫ్యాక్టరీ నుంచి పరుగెత్తాను. వెళ్లేసరికి అతన్ని లోపలికి తీసుకుపోయారు. ఎంతోసేపటికి సిస్టర్ బయటికి వచ్చింది. ఒంట్లో పొటాషియం ప్రమాదంగా పెరిగిపోయిందని, ఇంకొంచెం ఆలస్యమైతే గుండె ఆగిపోయేదని చెప్పింది. ఏం తిన్నాడని అడిగింది. సుగుణమ్మ సంచిలోంచి మా పెట్టె తీసి ఇచ్చింది.

సిస్టర్ పెట్టె వెనక చిన్న అక్షరాలు చదివింది. "చోళ్లు, జీడిపప్పు, ఎండుద్రాక్ష, బెల్లం. ఈ జబ్బుకి పడనివన్నీ ఏరి ఒక్క డబ్బాలో ఎట్టీసినారు గదమ్మా. ఇంకేటి మిగిల్సినారు?"

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

"లచ్చివారం వాన పడి డయాలసిస్‌కి రాలేదు, అది కూడా ఉంది. అంతా తిండి మీదే తోసీలేను," అంది సిస్టర్. "కానీ ఇది తినమని ఎవరు సెప్పినారు నీకు?"

సుగుణమ్మ నా వైపు చూడలేదు. నేల చూస్తూ చెప్పింది. "సంఘంలో సాచ్చిం సెప్పినారమ్మా."

నా జీవితంలో విన్న మాటల్లో అంత మెల్లగా పలికినదీ, అంత బరువైనదీ ఇంకొకటి లేదు.

ఆదివారం దాకా ఎందుకు

సాయంత్రానికి ఏసుదాసు కళ్లు తెరిచాడు. నేను వరండాలో మోకరించి ప్రార్థించి లేచాను. సుగుణమ్మ అక్కడే కూర్చుని ఉంది. "అమ్మా, వచ్చే ఆదివారం కూడికలో అందరి ముందూ నా తప్పు ఒప్పుకుంటాను. అంతవరకూ ఉపవాసముంటాను," అన్నాను.

ఆమె తల ఎత్తింది. "ఉపాసం మీ ఇష్టం బావగారూ. ఆదివారం దాకా ఆగితే రేపు పొద్దున్న తినీవోళ్ల సంగతేటి? మీ మాట ఇన్నది మా ఆయన ఒక్కడేనేటి?"

తప్పు ఒప్పుకోవడం కూడా నాకు ఒక కార్యక్రమంలా కనిపించిందని ఆ మాటతో అర్థమైంది. మర్నాడు సెలవు పెట్టి స్కూటరు మీద బయలుదేరాను. కూడికకు వచ్చిన వాళ్లలో డయాలసిస్ మనుషులున్న ఇళ్లు, జబ్బు మొదలైన ఇళ్లు పాస్టరు అయ్యగారిని అడిగి రాసుకున్నాను. రెండు రోజులు తిరిగాను. ప్రతి ఇంట్లో అదే మాట చెప్పాను: నేను తెలియకుండా చెప్పాను, ఇది మీరు తినకండి, ఏం తినాలో సిస్టర్ని అడగండి. పెట్టెలు వెనక్కి తీసుకున్నాను.

సుమ్మాదేవిలో ఒక ముసలాయన పెట్టె ఇవ్వనన్నాడు. "దేవుడి పేరు సెప్పి ఇచ్చినావు, మల్లీ దేవుడి పేరు సెప్పి లాక్కుంతన్నావు. దేవుడు ఏటన్నాడో ముందు తేల్చుకుని రా," అన్నాడు. అరుగు మీద గంటసేపు కూర్చుంటే గాని ఇవ్వలేదు. భావనపాడులో ఒకామె కొడుక్కి జబ్బు. భయపడుతూ అడిగాను. "ఆడికి ఎట్టనేదు బాబూ. తియ్యగుంటే నానే తినీసినాను," అంది. నేను రోడ్డు మీదే నిలబడి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆదివారం మా సంఘంలో లేచి చెప్పాను. నెలాఖరు వచ్చాక ఉమ్మడి కూడికలో మళ్లీ చెప్పాను. ఎవరూ ఆమేన్ అనలేదు. అనకపోవడమే న్యాయం.

పెట్టె మీద ఒక వరుస

ఇళ్లు తిరగడం పూర్తయిన మర్నాడే నరసింగరావు గారి గదికి వెళ్లాను. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా తినకూడదని పెట్టె మీద వేయాలన్నాను.

"ఏటి సేత్తన్నావు పెకాశం? ఇప్పుడిప్పుడే సరుకు కదుల్తంది. ఆ ముక్క సూత్తే జబ్బు లేనోడు కూడా ముట్టడు. ఆ ఆడోళ్లందరికీ నువ్వు కూలి ఇస్తావేటి?"

"ఆ వరుస లేకుండా బ్యాచ్ కార్డు మీద నేను సంతకం పెట్టను," అన్నాను. నా సంతకం లేకుండా లారీ కదలదు.

"నీ దేవుడు నిన్ను చమించీసినాడు గదా, ఇంకేటి?"

"ఆయన క్షమించాడు కాబట్టే పెట్టనండీ."

మూడు రోజులు సరుకు గోదాములో ఉండిపోయింది. నన్ను తీసేస్తారనుకున్నాను. నాలుగో రోజు ఆయనే ప్రింటరు దగ్గరి నుంచి నమూనా తెప్పించి నా బల్ల మీద పడేశారు. వరుస ఉంది. అక్షరాలు చీమ కాళ్లంత ఉన్నాయి. "సాలా? పెద్దవి సెయ్యమన్నావంటే ఈ కుర్చీలో నువ్వే కూర్చో," అన్నారు. నేను సంతకం పెట్టాను. ఇంకా పెద్ద అక్షరాల కోసం నిలబడి ఉండవలసిందని ఇప్పటికీ అనుకుంటాను. అప్పుడు నాకు అంత ధైర్యమే ఉంది.

ఆ తరవాత మన వైపు అమ్మకం పడిపోయింది. దూరపు ఊళ్లలో నిలబడింది గాని, రెండు ప్యాకింగ్ బల్లలు ఎత్తేశారు. ఆరుగురు ఆడవాళ్లకు పని పోయింది. వాళ్లలో ఒకామె గేటు దగ్గర నన్ను ఆపింది. "మీరు తప్పు సేసినారు, మీరే ఒప్పుకున్నారు, మీ మనసు తేలికైపోనాది. కూలి మాది పోనాది," అంది. వాళ్లలో ముగ్గురిని జీడిపప్పు ఫ్యాక్టరీల్లో చేర్పించగలిగాను. మిగిలిన ముగ్గురికి చేయలేకపోయాను. తప్పు ఒప్పుకుంటే అంతా చక్కబడుతుందని మీకు ఎవరైనా చెబితే నమ్మకండి. ఒప్పుకోవాలి. అంతా చక్కబడదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇది. మీరు తయారు చేసే తిండి మంచిదే కావచ్చు. ఎవరికి మంచిది, ఎంత మంచిది అన్నది మీ రోలరుకు తెలియదు, మీకూ తెలియదు. తెలిసినవాళ్లను అడగండి. అమ్మే మనిషి పెట్టె మీద రాయడానికి జంకిన మాటను మీరు నోటితో మోయకండి. మీరు నలుగురూ నమ్మే మనిషైతే మరీ జాగ్రత్త. ఎవరూ నమ్మనివాడి మాట విని ఎవరూ చనిపోరు.

మంచం పక్కన

రిటైరయ్యాక కూడా అప్పుడప్పుడు ఏసుదాసుతో పాటు పలాస వెళుతుంటాను. ఉమ్మడి కూడికలో ఇప్పుడు ఏడాదికోసారి సిస్టర్ వచ్చి జబ్బు మనుషుల వంట గురించి చెబుతుంది. కూరముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోయాలని, ఏది ఎంత తినాలో. ఆమె మన సంఘం మనిషి కాదు. ఆమెను పిలవమని పట్టుబట్టింది సుగుణమ్మ. "తినకూడనిది సెప్పినారు, మరి తినీది ఎవరు సెప్తారు?" అని ఆమె అందరి ముందూ లేచి నన్ను అడగబట్టే ఇది మొదలైంది.

ఏసుదాసు నన్ను వదలడు. మంచం మీద సూదులతో పడుకుని, ఇడ్లీ ముక్క చూపించి, "అన్నియ్యా, ఇది తినొచ్చేటి? దేవుడిచ్చిన గింజే," అంటాడు. పక్క మంచాల వాళ్లు నవ్వుతారు. "సిస్టర్ని అడగరా," అంటాను.

మొన్న ఒకరోజు అతనికి ఒళ్లు బాగా లేదు. యంత్రం తిరుగుతోంది. "పార్దన సెయ్యి అన్నియ్యా," అన్నాడు. చెయ్యి పట్టుకుని మొదలుపెట్టాను. నాకు అలవాటైన ప్రార్థన పొడుగుగా ఉంటుంది. స్వస్థత గురించి, దీర్ఘాయువు గురించి, ఎన్నో వాగ్దానాలు నోటికి వచ్చేస్తున్నాయి.

ఏసుదాసు కళ్లు మూసుకునే నా వేళ్లు నొక్కాడు. "కొంచిం తక్కువ సెప్పన్నియ్యా. నీకు తెల్సిందే సెప్పు."

ఆ రోజు అతని చెయ్యి పట్టుకుని చేసిన ప్రార్థనే ఇక్కడ రాస్తున్నాను. చదువుతున్న మీరు కూడా, ఎక్కడ ఉంటే అక్కడ, నాతో పాటు ఒక్క క్షణం తల వంచండి.

తండ్రీ, వీడు నా తమ్ముడు. ఈ పూట వీడికి నొప్పి లేకుండా చూడు. వీడి విషయంలో నేను తప్పు చేశాను. నాకు తెలిసింది ఇంతే. ఆమేన్.